వక్తృత్వ సభలో మా అక్క కథ

ఆ మనిషి పేరు రాయను. రాస్తే వాళ్ళ మనవలు నొచ్చుకుంటారని కాదు, నా చేత్తో ఆ పేరు రాయడం నాకిష్టం లేదు. ఒకప్పుడు పొద్దున లేచింది మొదలు నోరారా పిలిచిన పేరే. ఇప్పుడు వీధిలో ఎవరైనా అదే పేరుతో తమ పిల్లవాణ్ణి కేకేసినా నేను మొహం చిట్లిస్తానని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది. "ఇన్నేళ్ళయింది, ఇంకా ఏంటండీ ఆ కోపం?" అంటుంది. ఆవిడకేం, ఆవిడ అక్కని ఎవరూ ఎత్తుకుపోలేదు.

అప్పట్లో నేను రాజమండ్రిలో వారాలు చేసుకుని చదువుకునేవాణ్ణి. ఆదివారం ఒకరింట్లో, సోమవారం మరొకరింట్లో, అలా రోజుకొక గృహస్థు పెట్టే అన్నం తిని బడికి పోవడమన్నమాట. తలదాచుకోవడానికి ఒక పెంకుటింటి వసారాలో చిన్న గది. ఆ గదిలో నాతోపాటు ఉన్నవాడే ఈ పెద్దమనిషి. కరణంగారబ్బాయి, నాకంటే కాస్త పెద్ద. వాళ్ళ ఊరి నుంచి పడవ మీద బియ్యం, కందిపప్పు, నెయ్యి వచ్చేవి. నాకు అన్నం పెట్టే ఇంట్లో మైల వచ్చి నా వారం తప్పిపోతే, తను వండుకున్నదాంట్లో సగం నాకు పెట్టేవాడు. జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసేవాడు. ఇది రాయకపోతే నేనూ అబద్ధాలకోరునే అవుతాను. అతను మొదటినుంచీ చెడ్డవాడే అయివుంటే నాకింత మంట ఉండేది కాదు.

ఆ రోజుల్లో ఊళ్ళో సభలు వానాకాలం పుట్టగొడుగుల్లా లేచాయి. పుస్తకాలు చదువుకునే సభ, సారా మాన్పించే సభ, నీతిగా బతికే సభ, ఇంగ్లీషులో ఉపన్యాసాలిచ్చే సభ. వీటికింత గిరాకీ ఎందుకొచ్చిందంటే, ఉద్యోగానికి అర్జీ పెట్టేవాడు పరీక్ష ఏ తరగతిలో ప్యాసయ్యాడో రాస్తే చాలదనీ, ఏయే సభల్లో సభ్యుడో అడుగున రాయాలనీ, దొరలు ముందు అదే చూస్తారనీ ఎవడో పుట్టించాడు. నిజమో కాదో ఎవరూ దొరల్ని అడగలేదు. అందరూ చేరిపోయారు. సారా మాన్పించే సభలో కొత్తగా చేరిన ఒకాయన, సభ్యుడైన సంతోషంలో ఆ సాయంత్రమే తప్పతాగి బురదగుంటలో పడితే, ఆ సభవాళ్ళే పైకి లాగారు. కూటి కోసం కోటి విద్యలు, అందులో ఇదొకటి. మావాడి అర్జీ అడుగున ఊళ్ళో ఉన్న సభలన్నీ ఉండేవి. ఇంకా పెట్టని సభ కూడా ఒకటి ఉండేది. అదేంట్రా అంటే, "ఎలాగూ పెడతాంగా" అనేవాడు.

నా అర్జీ అడుగున సంతకం తప్ప ఏమీ లేదు.

"ఒరే, మార్కులు అందరికీ ఉంటాయి," అన్నాడు ఒకనాడు. "నీకు లేనిది నోరు. నోరున్నవాడిదే ఊరు. శనివారం నాతో వక్తృత్వ సభకి రా. పేరు రాయించుకో. తరవాత సంగతి నేను చూసుకుంటాను."

నలుగురిలో నోరు తెరవాలంటే నాకు చచ్చేంత భయం. పరాయి ఇళ్ళలో విస్తరి ముందు ఒదిగి కూర్చుని పెరిగినవాడికి గొంతు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకాస్త పప్పు వెయ్యండి అని అడగడమే నాకు చేతనయ్యేది కాదు. ఆ సంగతి అతనికి తెలుసు. రోజూ తెల్లవారగానే నన్ను గోదావరి ఇసుకలోకి తీసుకుపోయి, తను చాలా దూరం నడిచి, అక్కడ నిలబడి "మాట్లాడు" అని చెయ్యి ఊపేవాడు. నేను మాట్లాడితే, వినపడలేదని చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపించేవాడు. బట్టలు ఉతుక్కునే చాకళ్ళు మమ్మల్ని చూసి ఏ పిచ్చి పట్టిందోనని నవ్వుకునేవాళ్ళు. అలా కొన్నాళ్ళకు నా గొంతు ఏటి మీద కూడా వినపడడం మొదలుపెట్టింది. నాకు గొంతు ఇచ్చింది అతనే. దాన్ని ఏం చేశాడో తరవాత చెబుతాను.

సభ ఒక బడిగదిలో జరిగేది. విషయం ముందే చెప్పేవారు. ఔనన్న పక్షం ఎవరిదో, కాదన్న పక్షం ఎవరిదో చీట్లు వేసి తేల్చేవారు. శకునాలు నమ్మవచ్చునా అని ఒకసారి వాదం పెడితే, మావాడికి కాదన్న చీటీ వచ్చింది. "పిల్లి ఎదురొస్తే దానికి పనుండి వస్తుంది గాని, మన పని చెడగొట్టడానికి కాదు" అని ఇంగ్లీషులో చెప్పేసరికి గదంతా చప్పట్లు. నేనైతే చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టాను.

నా వంతు వచ్చేసరికి ఆడవాళ్ళకు చదువు అవసరమా అన్నది విషయం. అవసరమేనన్న చీటీ నాకు వచ్చింది. పెద్దపెద్ద మాటలన్నీ ఏరి ఉపన్యాసం తయారు చేసుకుని ఇసుకలో వల్లించాను. అతను దూరం నుంచి నడిచొచ్చి పెదవి విరిచాడు.

"వినపడింది. కాని ఎవరికి కావాల్రా ఈ ఊకదంపుడు? చదువు కోసం ఏడ్చిన ఆడది ఒక్కతైనా నీ ఎరికలో ఉందా?"

ఉంది. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ ఇసుకలో కూర్చుని అతనికి చెప్పాను.

మా అమ్మా నాన్నా మా చిన్నతనంలోనే పోయారు. ఆత్రేయపురం దగ్గర ఒక పల్లెలో మేనమామ ఇంట్లో పెరిగాం. మా అక్కకి ఊహ తెలియకముందే పెళ్ళయింది, ఊహ తెలిసేసరికి మొగుడు పోయాడు. అప్పట్నుంచీ మామయ్య ఇంట్లో వంటా వార్పూ అంతా ఆమె మీదే పడింది. నేను వీధిబడిలో ఇసుకలో అక్షరాలు దిద్ది ఇంటికి రాగానే, "ఇవాళేం చెప్పారు రా?" అని వంటింట్లోకి లాక్కుపోయేది. చేటలో బియ్యపు చిట్టు పలచగా పరిచి నా ముందు పెట్టేది. నేను వేలితో అక్షరం రాసి చూపిస్తే, దాని పక్కనే తనూ రాసేది. అత్తయ్య అడుగుల చప్పుడు అయిందంటే చేట ఒక్కసారి ఎగరేసేది. అక్షరాలు పోయి చిట్టు మిగిలేది. గుణింతాలూ వత్తులూ అన్నీ ఆ చేటలోనే నేర్చుకుంది. పలక ఎలా ఉంటుందో ముట్టుకుని చూడకుండానే ఆమెకు చదవడం వచ్చేసింది. ఒకరోజు అత్తయ్య చడీ చప్పుడూ లేకుండా వచ్చి చూసేసింది. "దేవుడు రాసిన రాత చాలదూ, దీనికి వేరే రాతలు కూడానా!" అని చేట లాక్కుని పొయ్యిలో పెట్టింది. అక్క ఏడ్చింది. కొట్టినందుకు ఎప్పుడూ ఏడవని మనిషి ఆరోజు ఏడ్చింది.

నేను చెప్పడం అయ్యాక అతను లేచి బట్టలకంటిన ఇసుక దులుపుకున్నాడు. తరవాత, "ఇదే చెప్పు. ఇంకేమీ చెప్పకు," అన్నాడు. చేటను ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. అతనే చెప్పాడు.

అక్కని అడక్కుండా సభలో చెప్పడం నాకు మనస్కరించలేదు. సెలవు దొరగ్గానే ధవళేశ్వరంలో కాలవ పడవ ఎక్కి ఊరికి పోయాను. పెరట్లో అంట్లు తోముతోంది. సంగతంతా చెప్పాను. అర్జీల గురించీ, సభల గురించీ, నరసాపురంలో సర్కారువారు ఆడపిల్లల బడి పెడుతున్నారన్న వార్త గురించీ చెప్పాను. ఆ బడికి పంతులు కావాలి. బడి వెనక ఉండడానికి ఇల్లు ఇస్తారు. పిల్లల్ని ఇళ్ళకు వెళ్ళి తీసుకొచ్చి, బడిలో వాళ్ళ దగ్గర కూర్చోవడానికి ఒక ఆడమనిషి కూడా కావాలట.

"పంతులు ఉద్యోగం నాకొస్తే ఆ ఆడమనిషివి నువ్వే అక్కా," అన్నాను.

చేతిలో చెంబు అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది. "బడిలోనా? పిల్లలతో పాటు నేనూ కూర్చుంటానా?" అంది. "పలక కూడా ఇస్తారా?"

"ఎన్ని కావాలంటే అన్ని."

"అయితే చెప్పరా. చేట సంగతి చెబితే ఉద్యోగం ఇస్తారంటే ఊరంతా చెప్పు. నా పేరు మాత్రం చెప్పకు."

ఆ మాట ఇవాళ్టికీ తప్పలేదు.

శనివారం నా ఉపన్యాసం అయ్యేసరికి అగ్రాసనం మీద కూర్చున్న ప్లీడరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చప్పట్లు కొట్టడం ఎవరికీ వెంటనే తోచలేదు. మావాడు అందరికంటే ముందు లేచి వచ్చి నన్ను కావలించుకున్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు నేను చూశాను. ఆ నీళ్ళు అబద్ధమని ఇప్పుడు కూడా అనను. ఆ తరవాత అందరూ అడగబట్టి, ఇంకో రెండు మూడు చోట్ల కూడా అదే కథ చెప్పాను. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో అతను పక్కనుంచి సరిచేసేవాడు. నా అర్జీ అడుగున మొదటిసారి ఒక సభ పేరు చేరింది.

నరసాపురం బడి ఉద్యోగానికి అతను కూడా అర్జీ పెట్టాడని దొర రమ్మన్న రోజుకి ముందురోజు గాని నాకు తెలియలేదు. "నాకెందుకురా ఆడపిల్లల బడి పంతులుగిరీ? దొర ముందు నిలబడే అలవాటు కావద్దూ, అందుకని పెట్టాను. నీకు తోడుగా ఉంటాను," అన్నాడు. నేను సంతోషించాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అత్తయ్య ఊరికే అనేది కాదు.

స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు దొరగారు బసచేసిన బంగళా వరండాలో ఇద్దరం కూర్చున్నాం. ఇస్త్రీ బట్టలు అతనే ఇచ్చాడు. నా తలపాగా అతనే చుట్టాడు. లోపల్నుంచి బంట్రోతు వచ్చి నా పేరు పిలిచాడు. నేను లేచి రెండు అడుగులు వేశానో లేదో, వెనక నుంచి పెద్ద తుమ్ము. ఒంటి తుమ్ము. అతనిదే.

"అయ్యో, ఒంటి తుమ్మురా!" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "ఇంత పెద్ద పనికి పోతూ... కూర్చో, కూర్చో. మంచినీళ్ళు తాగి కాస్త ఆగి వెళ్ళు. ఈలోగా నేను వెళ్ళొస్తాను. దొరని కాచుకోమనలేం కదా."

నేను కూర్చున్నాను. శకునాలు నమ్మరాదన్న ఉపన్యాసానికి చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టినవాణ్ణి, ఆ ఉపన్యాసం ఇచ్చినవాడే తుమ్మితే కూర్చున్నాను. మా అక్క బతుకంతా ఆ గదిలో తేలబోతోంది. తుమ్ముని కాదని లోపలికి పోయే ధైర్యం నాకెక్కడిది? మా ఇళ్ళలో పెరిగినవాడు ఎవడైనా అలాగే కూర్చునేవాడు. అతను కూడా మా ఇళ్ళలో పెరిగినవాడే కనక ఆ సంగతి అతనికి తెలుసు. బంట్రోతు ఇచ్చిన నీళ్ళు తాగుతూ చూస్తే, అతను కూర్చున్నచోట బల్ల మీద ముక్కుపొడుం రాలి ఉంది. ఎవరో పెద్దాయన కూర్చుని పోయుంటాడనుకున్నాను. మావాడికి పొడుం పీల్చే అలవాటే లేదు మరి.

అతను లోపల చాలాసేపు ఉన్నాడు. బయటికి వచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా వైపు చూడకుండా, "బాగా అడుగుతున్నాడు, వెళ్ళు," అని మెట్లు దిగాడు.

దొర నా అర్జీ చూసి, వక్తృత్వ సభలో ఏం మాట్లాడావని అడిగాడు. నేను కాచుకుని ఉన్న ప్రశ్నే. మొదలుపెట్టాను. ఇసుకలో నేర్చుకున్నట్టే గొంతు తగ్గించాల్సిన చోట తగ్గించాను, ఆగాల్సిన చోట ఆగాను. చేట అన్న మాట దగ్గరికి వచ్చేసరికి దొర చేతిలో కలం కింద పెట్టేశాడు.

"చేటా?" అన్నాడు. మావాడు నాకు చెప్పిన ఇంగ్లీషు మాటే, అక్షరం పొల్లుపోకుండా.

"అవునండి. మా అక్క..."

"ఇంతకు ముందు వచ్చినతని అక్క కూడా చేటలోనే రాసిందట. వాళ్ళ అత్తయ్య కూడా చేటని పొయ్యిలోనే పెట్టిందట. మీరిద్దరూ అన్నదమ్ములా?"

"కాదండి."

"అయితే ఇద్దరిలో ఒకడు అబద్ధం ఆడుతున్నాడు," అన్నాడు దొర. కోపంగా కూడా అనలేదు. "అతనికి చెబుతూ చెబుతూ కళ్ళనీళ్ళు వచ్చాయి. నీ కళ్ళు పొడిగా ఉన్నాయి. మీ సభలో నేర్పేది ఇదేనా, పక్కవాడి ఇంటి కష్టం తీసుకొచ్చి అమ్ముకోవడం?"

ఎందుకు రావు కళ్ళనీళ్ళు అతనికి? మొదటిసారి చెప్పాడు. నేను చెప్పీ చెప్పీ, అతను సరిచేస్తే మళ్ళీ చెప్పీ, ఆ కథలో నా ఏడుపంతా ఎప్పుడో అరగ్గొట్టుకున్నాను. అతను బయటే ఉంటాడు, పిలిచి నా ఎదుట అడగండి అన్నాను. బంట్రోతు వెళ్ళి చూసి వచ్చి, ఎవరూ లేరండి అన్నాడు. అప్పుడు నాకు బల్ల మీద పొడుం గుర్తొచ్చింది. ఆ తుమ్ము పొడుం పీల్చి తెచ్చుకున్నది. దొరకి తుమ్ము సంగతి చెప్పబోయి, ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక ఆగిపోయాను. చెప్పినా నవ్వేవాడు.

గదికి వచ్చేసరికి అతని పెట్టె లేదు, పరుపు లేదు. పొయ్యి దగ్గర మాత్రం నా వంతు అన్నం వండి మూత పెట్టి ఉంది. ఆ అన్నం కాకులకు వేసి, కుండ వీధిలో నేలకేసి కొట్టాను. తిట్టడానికి మనిషి దొరక్కపోతే అలాంటి పనులే చేస్తాం.

ఊరికి పోయి అక్కకి చెప్పాను. ఆమె వంకాయలు తరుగుతోంది. కత్తిపీట మీంచి తల ఎత్తకుండా అంతా వింది. "చేట సంగతి కూడా చెప్పేశాడా?" అని ఒక్కటే అడిగింది. చెప్పాడన్నాను. మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. ఆ రాత్రి కూర మాడిపోయిందని అత్తయ్య నానా మాటలూ అంటే, నేను విని ఊరుకున్నాను.

ఉద్యోగం అతనికే ఇచ్చారు. అక్కడితో అయిపోయి ఉంటే ఇది నలుగురికీ జరిగే మోసమే, రాసేవాణ్ణి కాదు.

కొన్నాళ్ళకి అరటిగెల ఒకటి భుజాన వేసుకున్న పాలేరుతో అతనే మా ఇంటికి వచ్చాడు. కరణంగారబ్బాయి వచ్చాడని మామయ్య చాప వేయించాడు. తన తల్లికి ఒంట్లో బాగుండడం లేదనీ, నరసాపురంలో ఇంట్లో వంటకి ఒక తెలిసిన మనిషి కావాలనీ మామయ్యకి ఒక వంక చెప్పాడు. అలాంటి ఇళ్ళకి మొగుడు పోయిన ఆడవాళ్ళు వంటకి పోవడం మామూలే కనక మామయ్య ఆలోచిస్తానన్నాడు. ఆ తరవాత అతను పెరట్లోకి వచ్చాడు. నేను అతని ఉత్తరీయం పట్టుకుని గుంజాను. కొట్టేవాణ్ణే. అతను నన్ను చూడకుండా నేరుగా మా అక్క కాళ్ళ మీద పడ్డాడు.

"అక్కగారూ, నేను చేసింది పాపమే. ఉద్యోగం లేకుండా గుమ్మం తొక్కొద్దన్నాడు మా నాన్న. ఇప్పుడు దొరగారు బడి చూడ్డానికి వస్తామన్నారు. ఆ చదువుకున్న అక్కని బడిలో పెట్టుకో, నేను చూడాలి అంటున్నారు. నాకు అక్క లేదండి. మీరు రండి. బడిలో కూర్చుందురు గాని. జీతం మీదే. దొరగారు వచ్చినప్పుడు మాత్రం నన్ను తమ్ముడు అనండి, చాలు."

ఇంత సిగ్గులేనితనం ఉంటుందని నేను అనుకోలేదు. మా అక్క కథ తీసుకుపోయినవాడు, చాలక ఇప్పుడు అక్కనే అడగడానికి వచ్చాడు. "పోరా బయటికి!" అని అరిచాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పలక ఇస్తారా?" అని అడిగింది అతన్ని.

నేను విన్నది నిజమేనా అనిపించింది. అతను వెళ్ళి వసారాలో కూర్చున్నాక అక్క మీద విరుచుకుపడ్డాను. ఆ నోటితో వాణ్ణి తమ్ముడని ఎలా పిలుస్తావన్నాను. నేను ఏమైపోవాలన్నాను. దొర దగ్గరికి ఇద్దరం పోదాం, నువ్వే వచ్చి నిజం చెప్పు అన్నాను.

"చెబితే నీకు ఉద్యోగం ఇస్తారా?" అంది. "ఇవ్వరు. వాడిదీ ఊడుతుంది. వేరే ఎవర్నో తెచ్చుకుంటారు. నేను ఈ పొయ్యి దగ్గరే ఉంటాను. నువ్వు ఇవాళ కాకపోతే రేపు ఇంకో ఉద్యోగం తెచ్చుకుంటావు, మగాడివి. నాకు ఇంకో బడి ఎక్కడొస్తుందిరా?"

"వాడు మన నోట్లో మన్ను కొట్టాడక్కా!"

"నీ నోట్లో కొట్టాడు. మీ ఇద్దరూ నా కథ చెప్పే కదా ఉద్యోగం అడిగారు. చెప్పింది ఎవరైతేనేం, పడింది నేను."

ఆమె చెప్పింది సరైన మాట. అయినా నా కడుపు మండిపోయింది. వాడి మీద మండిన దానికంటే ఎక్కువ మండింది. మర్నాడు ఆమె మూట కట్టుకుని పడవ ఎక్కుతుంటే రేవుకి కూడా పోలేదు. "కుదురుకున్నాక రా, నాలుగు రోజులు ఉండి పోదువు గాని" అని గుమ్మం దగ్గర చెప్పి వెళ్ళింది.

నాకు కాలవల కచేరీలో చిన్న గుమాస్తా పని దొరికింది. దాన్ని ఇప్పించింది ఏ సభా కాదు, నా చేతిరాత. కోపం కూడా ఎన్నాళ్ళు ఉంటుంది, తోడబుట్టినదాని మీద? ఆమెను చూడాలనిపించింది. పూతరేకులు ఆమెకి ఇష్టం. అవి కట్టించుకుని ఒకనాడు పడవ మీద నరసాపురం చేరాను. ఇంటికి తాళం వేసి ఉంటే బడిలోకి వెళ్ళాను. వీధిలో గుర్రబ్బండి ఆగి ఉండడం చూశాను గాని, అది ఎవరిదో అడగాలని తోచలేదు.

లోపల ఆడపిల్లలు వరసగా చాపల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళ వెనక తలుపు చాటున, తెల్లచీర కొంగు తలమీదకి లాక్కుని మా అక్క. ఒళ్ళో పలక. ఆ పలక చూడగానే నా కోపమంతా పోయింది. అక్కా అని పిలవడానికి నోరు తెరిచాను. అప్పుడు కనిపించారు, కిటికీ పక్కన కుర్చీలో ఆ దొర, దొర వెనక చేతులు కట్టుకుని అతను.

దొర నన్ను గుర్తుపట్టాడు. "ఇతను ఆ రెండో చేట మనిషి కాదూ?" అని అతన్ని అడిగాడు. అతని మొహాన నెత్తురు చుక్క లేదు. నోట మాట రాలేదు. మాటల సభలో అందరికంటే మొనగాడు అతను. దొర అక్క వైపు తిరిగి, వచ్చీరాని తెలుగులో, "అమ్మా, ఈ మనిషి మీకు తెలుసా?" అన్నాడు.

నేను అక్క వైపు చూశాను. ఒక్క మాట అంటే చాలు. మా తమ్ముడండి అంటే చాలు, వాడి ఉద్యోగం పోయినా పోవచ్చు, నా పరువు నాకు వచ్చేది. అబద్ధాలకోరునన్న మచ్చ పోయేది. ఆ ఒక్క క్షణం నేను మా అక్కని పూర్తిగా నమ్మాను.

ఆమె నా వైపు చూడలేదు. పలక రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"తెలుసండి. మా ఊరివాళ్ళబ్బాయే," అంది. "చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో తిరిగేవాడండి. పాపం, మంచివాడే. ఎవరింట్లో ఏది విన్నా తన ఇంట్లో జరిగిందే అనుకుంటాడు. మీరేం అనుకోకండి."

దొర జాలిగా తల ఊపాడు. పిల్లలు నన్ను వింతగా చూశారు. అతను నా భుజం మీద చెయ్యి వేసి గుమ్మం దాకా నడిపించాడు. విదిలించుకోవడానికి కూడా నాలో సత్తువ లేదు. పూతరేకుల పొట్లం అరుగు మీద పెట్టి మెట్లు దిగుతున్నాను. పుట్టిన దగ్గర్నుంచీ నన్ను ఒరే అని తప్ప ఇంకోలా పిలవని మా అక్క, దొర వినేలాగ వెనక నుంచి పిలిచింది.

"ఏవండీ, ఎండ మండిపోతోంది. కాస్త మజ్జిగ పుచ్చుకుని వెళ్ళండి."

నేను ఆగలేదు.